ఐక్యూఏసీ (కాలేజీ అంతర్గత నాణ్యతా విభాగం) కోఆర్డినేటర్‌గా వేశారు. జరగని మీటింగులకు మినిట్స్ రాయమంటున్నారు. ఏం చేయాలి?

వంశధార_జువాలజీ
మాది ప్రైవేటు డిగ్రీ కాలేజీ. కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్‌లో పోయినసారి బి ప్లస్ వచ్చింది. ఇప్పుడు మూడో సైకిల్‌కి వెళ్లాలని మేనేజ్‌మెంట్ పట్టుదలగా ఉంది. పాత కోఆర్డినేటర్ సార్ రిటైరయ్యారు, ఐక్యూఏసీ బాధ్యత నాకు అప్పగించారు. ఆర్డరు చేతికిస్తూ ప్రిన్సిపాల్ గారు అన్నది ఒక్కటే మాట: "ఎలా చేస్తారో మీ ఇష్టం మేడమ్, ఈసారి 'ఏ' గ్రేడ్ రావాలి."

క్లాసులు ఒక్కటీ తగ్గించలేదు. రెండేళ్ల ఏక్యూఏఆర్‌లు (న్యాక్‌కి ఏటా పంపే నివేదికలు) పెండింగ్. డిపార్ట్‌మెంట్లను డేటా అడిగితే ఒకరు పేపర్ కటింగ్ ఫొటో వాట్సాప్‌లో పెట్టి ఇదే మా ప్రోగ్రామ్ రిపోర్టు అన్నారు. ఇంకొకరు పోయినసారి రాసిందే తేదీలు మార్చి పెట్టేయమన్నారు. వీటన్నిటికీ ఎలాగో తట్టుకుంటాను. నా అసలు టెన్షన్ వేరే. గత రెండేళ్లలో ఐక్యూఏసీ మీటింగ్ ఒక్కటీ జరగలేదు. మూడు నెలలకొకటి చొప్పున ఎనిమిది మీటింగుల మినిట్స్ ఇప్పుడు "తయారు చేయమని" చెప్తున్నారు. కింద సంతకం నాది. ఈ పని చేసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి, మీరైతే ఏం చేస్తారు?

కొల్లేటి_కొంగ
సంతకం పెట్టకండి. ఆ రిజిస్టరు మీ తర్వాత కూడా ఉంటుంది, మీ సంతకమూ ఉంటుంది.

పాలమూరు_ఫిజిక్స్
మాది గవర్నమెంట్ డిగ్రీ కాలేజీ, మా దగ్గర కూడా ఇదే కథ. యూజీసీ లెక్క ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటల బోధన. మా కాలేజీలో పర్మనెంట్ పోస్టులు ఖాళీగా ఉండి, ఉన్నవాళ్లం అంతకన్నా ఎక్కువే చెప్తున్నాం. దానిమీద ఐక్యూఏసీ, దానిమీద పరీక్షల విభాగం, ఎలక్షన్ డ్యూటీ వస్తే అదీ. కోఆర్డినేటర్‌కి కనీసం వారానికి నాలుగు గంటలు తగ్గిస్తే ఈ పని మర్యాదగా జరుగుతుంది. మీరు ముందు అది అడగండి మేడమ్. నోటిమాటగా కాదు, కాగితం మీద.

రిటైర్డ్_ప్రిన్సిపాల్_తెనాలి
అమ్మా, ముందు ఒక విషయం స్పష్టంగా తెలుసుకో. ఐక్యూఏసీకి చైర్‌పర్సన్ నువ్వు కాదు, ప్రిన్సిపాల్. నువ్వు సమన్వయం చేసేదానివి. న్యాక్ మార్గదర్శకాల్లోనే ఉంది: సంస్థ అధిపతి చైర్‌పర్సన్, మేనేజ్‌మెంట్ నుంచి ఒకరు, కొందరు అధ్యాపకులు, ఆఫీసు నుంచి సీనియర్లు, ఊళ్లోంచి ఒకరు, విద్యార్థి ఒకరు, పూర్వ విద్యార్థి ఒకరు, ఉద్యోగాలిచ్చేవాళ్ల తరఫున ఒకరు. మూడు నెలలకొకసారైనా కూర్చోవాలి, మూడింట రెండొంతుల మంది ఉంటేనే కోరం. ఇంతమంది పనిని ఒక్క లెక్చరర్ టేబుల్ మీద పడేసి గ్రేడ్ తెమ్మనడం తప్పు. ఆ తప్పు ప్రిన్సిపాళ్లది. నేనూ ఆ కుర్చీలో చాలాకాలం కూర్చున్నవాణ్నే, అందుకే గట్టిగా చెప్తున్నాను.

ఇక మినిట్స్ సంగతి. ఏక్యూఏఆర్ మొదటి భాగంలోనే ఆ ఏడాది ఎన్ని ఐక్యూఏసీ సమావేశాలు జరిగాయని అడుగుతారు. జరగకపోతే సున్నా అని రాయండి. ప్రాణం పోదు. అంతర్గత నాణ్యతా వ్యవస్థ అనే 6.5 కింద ఉన్నవే వెయ్యిలో 30 మార్కులు, అవి కూడా మొత్తం మీటింగుల మీద లేవు. అఫిలియేటెడ్ కాలేజీకి రెండో క్రైటీరియన్ (న్యాక్ మార్కులేసే అంశం), అంటే బోధన, అభ్యసన, మూల్యాంకనం, దానికి 350 మార్కులు. అక్కడ ఒక్క గ్రేడ్ పాయింట్ పెరిగితే మీ మొత్తం సీజీపీఏ (సగటు గ్రేడ్ పాయింట్లు) 0.35 పెరుగుతుంది. బి ప్లస్ అంటే 2.51 నుంచి 2.75 మధ్య ఉన్నారు, ఏ గ్రేడ్ 3.01 దగ్గర మొదలవుతుంది. దూరం ఎక్కడ తగ్గుతుందో లెక్కేసి మీ ప్రిన్సిపాల్‌కి చూపించండి. దొంగ మినిట్స్‌తో వచ్చేది చిల్లర, పోయేది మాత్రం పరువు.

వంశధార_జువాలజీ
ఈ లెక్క నాకు ఎవరూ చెప్పలేదు సార్. మా దగ్గర అందరూ ఏడో క్రైటీరియన్ గురించే మాట్లాడుతున్నారు, సోలార్ ప్యానెళ్లు, ఇంకుడు గుంతలు, గ్రీన్ ఆడిట్ అని.

రిటైర్డ్_ప్రిన్సిపాల్_తెనాలి
అవి ఫొటోలో బాగా కనపడతాయి గనక. చెడ్డవేం కావు, చేయండి. కానీ అవి వంద మార్కుల క్రైటీరియన్‌లో ఒక భాగం.

ఎస్ఎస్ఆర్_రైటర్
నేను కొన్ని కాలేజీలకు ఎస్ఎస్ఆర్ (కాలేజీ తన గురించి న్యాక్‌కి ఇచ్చే నివేదిక) తయారీలో సాయం చేశాను, కాబట్టి రెండో వైపు మాట కూడా వినండి. కాలేజీల్లో పని జరగదని కాదు. జరుగుతుంది, రాసిపెట్టరు. స్టాఫ్ రూమ్‌లో టీ తాగుతూ రిజల్ట్స్ గురించి గంటసేపు మాట్లాడుకుంటారు, నిర్ణయం కూడా తీసుకుంటారు. అది మీటింగ్ కాదా? దాన్ని తర్వాత మినిట్స్‌గా రాస్తే అంత పెద్ద నేరమా? న్యాక్ తరఫున డేటా సరిచూసే డీవీవీ వాళ్లకి కాగితం కావాలి. కాగితం లేకపోతే జరిగింది కూడా జరగనట్టే లెక్క. ఎంతో మంచి కాలేజీలు కాగితాల్లేక బి దగ్గర ఆగిపోవడం నేను కళ్లారా చూశాను.

కొల్లేటి_కొంగ
రైటర్ గారూ, జరిగినదాన్ని ఆలస్యంగా రాయడం వేరు, పాత తేదీ వేసి ఊళ్లోంచి వచ్చిన సభ్యుడూ విద్యార్థి ప్రతినిధీ హాజరయ్యారని రాయడం వేరు. మేడమ్‌ని అడుగుతున్నది రెండోది.

ఇంకో మాట. 2025 ఫిబ్రవరిలో ఏం జరిగిందో మరిచిపోయారా? గుంటూరు జిల్లాలో ఒక డీమ్డ్ యూనివర్సిటీకి ఏ ప్లస్ ప్లస్ ఇప్పించడానికి లంచాలు నడిచాయన్న ఆరోపణ మీద సీబీఐ కేసు పెట్టి, న్యాక్ తనిఖీ బృందంలోని వాళ్లతో సహా పదిమందిని అరెస్టు చేసింది. నగదు, బంగారం, సెల్‌ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు అని అన్ని పేపర్లలో వచ్చింది. కోర్టులో ఏం తేలుతుందో తేలనివ్వండి. కానీ ఆ వార్త చదివిన రోజున, నిజాయితీగా ఫైళ్లు రాసుకున్న ఎన్ని కాలేజీల కోఆర్డినేటర్లు తల దించుకున్నారో నాకు తెలుసు. "మీరెంతిచ్చారు" అని చుట్టాలు కూడా అడిగారు. ఆ నింద మన మీద పడకూడదంటే చిన్న కాగితం దగ్గర కూడా గట్టిగా ఉండాలి.

ఎస్ఎస్ఆర్_రైటర్
హాజరు విషయంలో మీరన్నది ఒప్పుకుంటాను. లేనివాళ్లను ఉన్నట్టు రాయమని నేనెవరికీ చెప్పను. నేను చెప్పేది ఇకమీదట ఏ రోజుకారోజు రాసిపెట్టుకోమని.

లైబ్రరీ_అక్క
రాసిపెట్టుకోవడం గురించి అన్నారు కాబట్టి చెప్తున్నా. మా లైబ్రరీలో గేట్ రిజిస్టరు ఉంది. పిల్లలు పేరు, గ్రూపు, వచ్చిన టైమ్, వెళ్లిన టైమ్ రాసి సంతకం పెడతారు. న్యాక్ ముందు రోజుకి సగటున ఎంతమంది వాడుతున్నారో అడిగారు, కూడి ఇచ్చాను. అయిపోయింది. అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ ఆ రిజిస్టరు ఎవరూ తెరవలేదు.

నేనే ఒకసారి కూర్చుని పేజీలు తిప్పాను. సైన్స్ అమ్మాయిలు దాదాపు ఎవరూ మధ్యాహ్నం మూడు తర్వాత లేరు. ఎందుకని అడిగితే ప్రాక్టికల్స్ మూడున్నరకి అయిపోతాయి, నాలుగుకి బస్సు, మధ్యలో లైబ్రరీకి వస్తే పుస్తకం ఇవ్వడానికి కౌంటర్ అప్పటికే మూసి ఉంటుంది. కౌంటర్ మూసేది నేనే, ఆఫీసు ఇచ్చిన టైమింగ్ అది. ప్రిన్సిపాల్ గారికి రాసి కౌంటర్ నాలుగున్నర దాకా పెట్టించాం. ఇది ఏ క్రైటీరియన్ కిందకి వస్తుందో నాకు తెలియదు, పిల్లలకైతే పనికొచ్చింది.

పాలమూరు_ఫిజిక్స్
అక్కా, నాలుగో క్రైటీరియన్‌లో లైబ్రరీ వినియోగం కిందకి వస్తుంది. కానీ మీరు చేసింది మొత్తం ఐక్యూఏసీ చేయాల్సిన పని.

రిటైర్డ్_ప్రిన్సిపాల్_తెనాలి
లైబ్రరీ అమ్మాయి చెప్పింది చదివాక నా కాలేజీ సంగతి ఒకటి రాయాలనిపించింది. కాస్త పొడుగవుతుంది.

ఒక ఏడాది మాకు బీకాం మొదటి సెమిస్టరులో ఒక్క సబ్జెక్టులోనే బాగా ఫెయిలయ్యారు. స్టాఫ్ మీటింగులో అందరూ ఆ లెక్చరర్ వైపే చూశారు. ఆయన మంచి టీచరు. నాకు నమ్మబుద్ధి కాలేదు. మా కోఆర్డినేటర్ మ్యాథ్స్ మనిషి, ఫెయిలైనవాళ్ల పేర్లకి ఎదురుగా ఊళ్లు రాసుకురమ్మన్నాను. ఆఫీసులో అడ్మిషన్ ఫారాలు తీసి, మధ్యాహ్నం భోజనం కూడా మానేసి ఆయన ఆ కాగితం తయారు చేశాడు. చూస్తే చాలామంది ఒకే రూటులో వరసగా ఉన్న నాలుగైదు ఊళ్లవాళ్లు. అటెండెన్స్ తెప్పించాం. మిగతా క్లాసులకి ఉన్నారు, మొదటి గంటకి లేరు. ఆ సబ్జెక్టు వారమంతా మొదటి గంటలోనే ఉంది. ఆ రూటు బస్సు కాలేజీ దగ్గరికొచ్చేసరికి మొదటి గంట సగం దాటుతోంది. వచ్చినవాణ్ని క్లాసులోకి రానివ్వకూడదని మనమే రూలు పెట్టాం. తలుపు దగ్గర నిలబడడానికి సిగ్గుపడి వాళ్లు గ్రౌండులో కూర్చుంటున్నారు.

టైంటేబుల్ మార్చి ఆ సబ్జెక్టుని మూడో గంటకి తెచ్చాం. ఆర్టీసీ డిపో మేనేజర్‌కి ఉత్తరం రాశాం, బస్సు టైము మారడానికి చాలాకాలం పట్టింది గానీ మారింది. తర్వాతి బ్యాచ్‌లో ఆ సబ్జెక్టు మిగతావాటితో సమానంగా పాసైంది. ఆ లెక్చరర్ నా దగ్గరికొచ్చి ఏమీ మాట్లాడకుండా చేతులు పట్టుకున్నాడు.

ఆ వివరాలన్నీ ఆఫీసులో, డిపార్ట్‌మెంటులో ఎప్పటినుంచో ఉన్నవే. కొత్తగా సేకరించింది ఏదీ లేదు. ఆ మూడు కాగితాలూ ఒక టేబుల్ మీదికి తెప్పించే అధికారం మాత్రం నాకే ఉంది, కోఆర్డినేటర్‌కి లేదు. వంశధార అమ్మాయికి డిపార్ట్‌మెంట్లు డేటా ఇవ్వడం లేదంటే ప్రిన్సిపాల్ అడగడం లేదని నా అర్థం.

బీకాం_ఫైనలియర్
స్టూడెంట్‌ని నేను రాయొచ్చా? తెనాలి సార్ లాంటివాళ్లు అన్ని కాలేజీల్లో ఉండరు సార్. మాకు ఫీడ్‌బ్యాక్ ఫారం ఇచ్చినప్పుడు అన్నిటికీ "చాలా బాగుంది" మీద టిక్ పెట్టి తెమ్మన్నారు, క్లాస్ రిప్రజెంటేటివ్ అందరివీ తనే నింపేశాడు. నేను మాత్రం ఇంటికి తీసుకెళ్లి నిజంగా రాశాను. మా కంప్యూటర్ ల్యాబులో జీఎస్టీ రాని పాత ట్యాలీ ఉంది. జీఎస్టీ వచ్చింది 2017 జులైలో. నేను బయట డబ్బు కట్టి నేర్చుకున్నాను, అందరూ కట్టలేరు కదా. ఆ సంగతే రాశాను. ఎవరూ ఏమీ అడగలేదు, ల్యాబ్ అలాగే ఉంది. ఫారాలు కట్ట కట్టి పెట్టుకుంటే సరిపోతుందా?

లైబ్రరీ_అక్క
రాయొచ్చు నాన్నా, నువ్వు రాయాల్సిన చోటే ఇది.

ఎస్ఎస్ఆర్_రైటర్
నిజానికి ఫారాలు కట్ట కడితే మార్కులు కూడా రావు. ఫీడ్‌బ్యాక్ తీసుకున్నారా, విశ్లేషించారా, చర్య తీసుకున్నారా, దాన్ని వెబ్‌సైట్‌లో పెట్టారా అని వరసగా చూస్తారు. టిక్కులన్నీ ఒకే పెన్నుతో ఉంటే చర్య తీసుకోవడానికి అందులో ఏముంటుంది? నేను వెళ్లిన చోటల్లా చెప్పేది ఇదే, ఫిర్యాదు రాసిన పది ఫారాలే మీకు బంగారం అని.

పాలమూరు_ఫిజిక్స్
ఫీడ్‌బ్యాక్ అన్నారు కాబట్టి వంశధార మేడమ్‌కి ఒక హెచ్చరిక. స్టూడెంట్ సాటిస్‌ఫాక్షన్ సర్వేకి మీరు పిల్లల ఈమెయిల్ ఐడీలు అప్‌లోడ్ చేయాలి. న్యాక్ నేరుగా వాళ్లకే లింకు పంపుతుంది, ఇరవై ఆబ్జెక్టివ్ ప్రశ్నలు, చివర సొంతమాటల్లో రాసేది ఒకటి. కాలేజీ అయితే పదిశాతం మంది గానీ వందమంది గానీ, రెంటిలో ఏది తక్కువైతే అంతమంది జవాబివ్వాలి.

మా దగ్గర ఏమైందంటే, అడ్మిషన్ల డేటాలోని మెయిళ్లు దించి చూస్తే ఒకే ఐడీ ముప్పై నలభై మందికి ఉంది. ఆన్‌లైన్ అడ్మిషన్ అప్పుడు ఊళ్లో నెట్ సెంటర్ అతను తన మెయిలే అందరికీ కొట్టేశాడు. ఓటీపీల కోసం అతనికి సులువు. సర్వే లింకులన్నీ ఆయనకే పోయేవి. ముందే చూశాం కాబట్టి సరిపోయింది, క్లాసు క్లాసుకీ తిరిగి పిల్లల సొంత ఫోన్లలో మెయిళ్లు ఓపెన్ చేయించి మళ్లీ రాయించాం.

కొల్లేటి_కొంగ
మొత్తం బ్యాచ్ తరఫున నెట్ సెంటర్ అన్నే సర్వే నింపేసేవాడన్నమాట. కాలేజీ వైఫై బాగుందా అంటే మా వైఫై బాగుందని రాసేవాడు.

సివిల్_హెచ్ఓడీ
ఇంజనీరింగ్ వైపు మా బాధ ఎన్‌బీఏ, అంటే కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ. ప్రతి సబ్జెక్టుకీ కోర్సు ఔట్‌కమ్స్, వాటిని ప్రోగ్రామ్ ఔట్‌కమ్స్‌తో కలిపే పట్టిక, చివర్లో ఎంత సాధించామో లెక్క. ఆలోచన చాలా మంచిది. ఫలానా కోర్సు అయ్యాక విద్యార్థికి ఏం చేయగల శక్తి రావాలో ముందే చెప్పు, వచ్చిందో లేదో చూడు అంటుంది. దాన్ని మనవాళ్లు ఎక్సెల్ షీటుగా మార్చేశారు. టార్గెట్ చేరలేదని వస్తే బోధన మార్చాలి. మార్చేది టార్గెట్‌ని. డెబ్బై ఉన్నదాన్ని యాభై చేస్తే అన్నీ పచ్చగా వచ్చేస్తాయి.

నేను మా డిపార్ట్‌మెంటులో ఒకటి పట్టుబట్టి ఆపాను: టార్గెట్ తగ్గించాలంటే కారణం రాసి నా దగ్గర సంతకం తీసుకోవాలి. సర్వేయింగ్‌లో పిల్లలు థియరీ బాగా రాసి ఫీల్డ్‌లో తప్పుతున్నారని అప్పుడే బయటపడింది. టోటల్ స్టేషన్ (సర్వే కొలతలు తీసే పరికరం) ఒక్కటే ఉంది, బ్యాచ్‌లో ఇద్దరు దాని దగ్గర, మిగతావాళ్లు నీడలో. బ్యాచ్‌లు చిన్నవి చేశాం, ఇంకొకటి కొనమని మేనేజ్‌మెంట్‌కి ఈ షీటే జతచేసి పంపాం.

కూకట్‌పల్లి_నాన్న
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా అమ్మాయి ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ ఉంది. బస్సుల మీద, బోర్డుల మీద న్యాక్ ఏ ప్లస్, ఎన్‌బీఏ అక్రెడిటెడ్ అని రాస్తున్నారు. ఈ రెండింటిలో ఏది చూడాలి? ఎన్‌బీఏ ఉంటే అమెరికాలో డిగ్రీ చెల్లుతుందని ఒక కాలేజీ పీఆర్‌ఓ చెప్పాడు.

సివిల్_హెచ్ఓడీ
న్యాక్ కాలేజీ మొత్తానికి ఇస్తారు. ఎన్‌బీఏ ఒక్కో బ్రాంచికి విడిగా ఇస్తారు, మూడేళ్లకో ఆరేళ్లకో. బోర్డు మీద ఎన్‌బీఏ అని ఉన్నా మీ అమ్మాయి తీసుకునే బ్రాంచికి ఉందా, గడువు తీరిందా అని ఎన్‌బీఏ వెబ్‌సైట్‌లో చూడండి. కొత్తగా పెట్టిన బ్రాంచిలకు చాలాచోట్ల ఉండదు, ఎందుకంటే బ్యాచ్‌లు బయటికి రాకుండా దరఖాస్తే కుదరదు.

ఇక అమెరికా మాట. మన దేశం తరఫున ఎన్‌బీఏ 2014 జూన్‌లో వాషింగ్టన్ అకార్డ్‌లో (ఇంజనీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించే ఒప్పందం) పూర్తి సభ్యత్వం తీసుకుంది, నిజమే. కానీ ఆ గుర్తింపు టయర్ 1 కింద అక్రెడిట్ అయిన ప్రోగ్రాములకే. అంటే అటానమస్ కాలేజీలు, యూనివర్సిటీల్లాంటివి. టయర్ 2కి అది వర్తించదు. పీఆర్‌ఓని ఏ టయరో అడగండి.

కూకట్‌పల్లి_నాన్న
చాలా థాంక్సండీ. ఇది ఏ కౌన్సెలింగ్ వీడియోలోనూ చెప్పలేదు.

డాలస్_రమణి
నేను టెక్సస్‌లో ఒక కమ్యూనిటీ కాలేజీలో పనిచేస్తాను, ఇన్‌స్టిట్యూషనల్ ఎఫెక్టివ్‌నెస్ ఆఫీసులో. మీరంతా చెప్తున్న పని ఇక్కడ మా పూర్తికాలపు ఉద్యోగం. డైరెక్టరు ఉంటారు, డేటా అనలిస్టులు ఉంటారు. మా అక్రెడిటర్ ఎస్ఏసీఎస్‌సీఓసీ. పదేళ్లకొకసారి పూర్తి సమీక్ష, మధ్యలో ఐదో ఏట ఒక నివేదిక. పదేళ్ల సమీక్షతో పాటు క్వాలిటీ ఎన్‌హాన్స్‌మెంట్ ప్లాన్ అని ఒకటి పెట్టాలి. కాలేజీ తన డేటా చూసుకుని, పిల్లలు ఎక్కడ వెనకబడుతున్నారో గుర్తించి, ఒక్క సమస్య ఎంచుకుని దానిమీద ఏళ్ల తరబడి పనిచేయాలి. ఉన్నవన్నీ గొప్పగా చూపించమని ఎవరూ అడగరు, ఏది బాగాలేదో చెప్పి దాన్ని ఎలా బాగుచేస్తున్నారో చూపించమంటారు. గ్రేడ్ అసలు లేదు. కానీ అక్రెడిటేషన్ పోతే విద్యార్థులకు ఫెడరల్ ఆర్థిక సాయం ఆగిపోతుంది, కాలేజీ మూతపడినట్టే. అందుకే ప్రెసిడెంటు దగ్గర్నుంచి అందరూ పట్టించుకుంటారు.

అనంత_ఎకనామిక్స్
రమణి గారూ, గౌరవంతోనే విభేదిస్తున్నా. మీ దగ్గర ఆఫీసు ఉంది, జీతాలున్నాయి, అనలిస్టులున్నారు. మా కాలేజీలో ప్రింటర్ ఇంకు కోసం ఇండెంట్ పెట్టి నెల ఎదురుచూస్తాం. అమెరికా పోలిక తెచ్చినప్పుడల్లా ఇక్కడ లెక్చరర్లకి చేతకాదన్నట్టు అర్థమొస్తుంది. చేతకాక కాదు, పోస్టులు నింపక. మంజూరైన పోస్టుల్లో ఎన్ని నింపారో రెండో క్రైటీరియన్‌లోని 2.4 కింద న్యాక్ అడుగుతుంది. ఆ ఖాళీలకు మార్కులు కాలేజీకి పోతాయి, నింపాల్సింది మాత్రం కాలేజీ కాదు. గవర్నమెంట్ కాలేజీ ప్రిన్సిపాల్ ఎంత గొప్ప లీడరైనా రిక్రూట్‌మెంట్ నోటిఫికేషన్ ఇవ్వలేడు కదా.

డాలస్_రమణి
అలా అర్థం వచ్చి ఉంటే మన్నించండి, ఆ ఉద్దేశం లేదు. నేను కూడా గుంటూరు జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలోనే చదువుకున్నాను, మా లెక్చరర్లు ఏ వసతీ లేకుండా చెప్పిన చదువే నన్ను ఇక్కడిదాకా తెచ్చింది. పోస్టుల విషయంలో మీరన్నది అక్షరాలా నిజం. డబ్బు అక్కర్లేని ముక్క ఒక్కటి తీసుకోమంటున్నాను: ఏడాదికి ఒకే సమస్య పట్టుకోవడం.

రిటైర్డ్_ప్రిన్సిపాల్_తెనాలి
అనంత గారి బాధ న్యాయమైనది. ఖాళీ పోస్టులున్న చోట ప్రిన్సిపాల్ చేయగలిగింది కొంచెమే. ఆ కొంచెం కూడా చేయకుండా కూర్చున్నవాళ్లని చూసి నేను మాట్లాడుతున్నాను.

పాలమూరు_ఫిజిక్స్
అసలు గ్రేడ్లే పోతాయంటున్నారు కదా? 2024 జనవరిలో న్యాక్ వాళ్లు ప్రకటించారు, కేంద్రం వేసిన రాధాకృష్ణన్ కమిటీ సిఫార్సుల మీద. అక్రెడిట్ అయింది, అవ్వలేదు, అవ్వడానికి దగ్గర్లో ఉంది అని మూడే రకాలు, ఆ తర్వాత లెవెల్ 1 నుంచి 5 దాకా. మా ప్రిన్సిపాల్ ఆ పేరుతో ఫైళ్లన్నీ అటకెక్కించారు.

ఎస్ఎస్ఆర్_రైటర్
దించమని చెప్పండి. ఏ పద్ధతి వచ్చినా అడిగేది డేటానే. అదే కమిటీ అన్ని సంస్థల డేటా ఒకే వేదిక మీద ఉండాలని కూడా చెప్పింది. న్యాక్‌కి ఒక సంఖ్య, ర్యాంకులిచ్చే ఎన్ఐఆర్ఎఫ్‌కి ఒక సంఖ్య, యూనివర్సిటీకి ఇంకో సంఖ్య ఇచ్చేవాళ్లకి అప్పుడు కష్టం. ఇంకో సంగతి, ఐక్యూఏసీ పని న్యాక్‌తో అయిపోదు. యూజీసీ 2018 రెగ్యులేషన్స్ ప్రకారం అధ్యాపకుల ప్రమోషన్ ఫైళ్లలో కూడా ఐక్యూఏసీకి పాత్ర ఉంది. డేటా ఇవ్వని హెచ్‌ఓడీకి కూడా ఒక రోజు మేడమ్‌తో పని పడుతుంది.

కొల్లేటి_కొంగ
వంశధార మేడమ్, ఆ ఆయుధం వాడకండి గానీ దగ్గర ఉందని గుర్తుంచుకోండి.

వంశధార_జువాలజీ
ఇక్కడ రాసినవన్నీ చదివి, తెనాలి సార్ చెప్పిన లెక్క ఒక కాగితం మీద వేసుకుని ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లాను. ఏ క్రైటీరియన్‌కి ఎంత, పోయినసారి మనకెంత వచ్చింది, ఎక్కడ పెరిగితే 3.01 దాటుతాం అని. ఆయన చాలాసేపు చూశారు. రెండో క్రైటీరియన్‌కి ఇంత ఉందని తెలియదన్నారు. అప్పుడే చెప్పేశాను, జరగని మీటింగులకి నేను సంతకం పెట్టను, ఆ రెండేళ్లకీ సున్నా అని రాస్తానని. కోపం వచ్చింది. సెక్రటరీ గారితో మాట్లాడతానన్నారు. మర్నాడు పిలిచి సరే, సున్నా రాయండి, కానీ ఈ ఏడాది నుంచి ఒక్కటీ తప్పకూడదు అన్నారు. మొదటి మీటింగ్ నోటీసు ఆయన సంతకంతోనే వెళ్లింది. హెచ్‌ఓడీలకి డేటా కోసం పంపే సర్క్యులర్ కూడా ఇకమీదట ఆయన పేరుతోనే.

క్లాసులు తగ్గించడానికి ఒప్పుకోలేదు. పాలమూరు సార్ చెప్పినట్టు కాగితం మీద అడిగాను, ఇంకా జవాబు రాలేదు. మళ్లీ అడుగుతాను.

మీటింగ్‌కి ఒకే అంశం పెట్టాం: మొదటి సెమిస్టర్ ఫలితాలు, ఊళ్లవారీగా, చదివి వచ్చిన మీడియంవారీగా. విద్యార్థి సభ్యురాలిగా బీఎస్సీ అమ్మాయిని వేశాం, ఆమెకి ముందే కాగితాలు ఇచ్చి చదువుకుని రమ్మన్నాను.

రిటైర్డ్_ప్రిన్సిపాల్_తెనాలి
శభాష్ తల్లీ. మీ ప్రిన్సిపాల్‌కి కూడా నా తరఫున చెప్పు, సున్నా రాయడానికి ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

బీకాం_ఫైనలియర్
మేడమ్, ఆ అమ్మాయిని మీటింగులో చివర్లో కాకుండా ముందే మాట్లాడనివ్వండి. సార్లందరూ మాట్లాడాక మాకు నోరు రాదు.

వంశధార_జువాలజీ
అలాగే బాబూ, ఎజెండాలో మొదటి పేరు ఆమెదే వేస్తాను. పాలమూరు సార్, మీరు మెయిల్ ఐడీలు మళ్లీ రాయించినప్పుడు ఫోన్ లేని పిల్లల్ని ఎలా చేశారు? మా ఫస్టియర్‌లో కొందరికి ఇంట్లో నాన్న ఫోన్ ఒక్కటే.

పాలమూరు_ఫిజిక్స్
వాళ్లని కంప్యూటర్ ల్యాబులో కూర్చోబెట్టి కాలేజీ డొమైన్ మీద మెయిల్ ఇప్పించాం. పాస్‌వర్డ్ వాళ్ల నోటుబుక్ వెనక పేజీలో రాయించకండి, మరుసటి సెమిస్టరుకి ఆ నోటుబుక్కే ఉండదు. రికవరీ నంబరుగా వాళ్ల నాన్న ఫోనే పెట్టండి. సర్వే లింకు వచ్చే వారంలో ల్యాబ్ సాయంత్రం ఒక గంట తెరిచి ఉంచితే వాళ్లంతట వాళ్లే వచ్చి నింపుతారు. ఆ గంటలో లెక్చరర్లెవరూ లోపల ఉండొద్దు, ల్యాబ్ అసిస్టెంట్ చాలు.